బంతి పోతే పరుగు అందరిదీ

హాస్టల్ గ్రౌండులో ఫుట్‌బాల్ జట్లు వేసుకునే పద్ధతి గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా దాదాపు ఒక్కటే. పదో తరగతివాళ్లు ముందుంటారు. ఆరో తరగతి పిల్లల్ని వెనక నిలబెడతారు. అందరికంటే చిన్నవాడు గోల్‌కీపర్. బంతి పోయిందంటే ముందున్నవాళ్లు నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తారు. గోల్ పడితే తిట్లన్నీ చిన్నవాడికే. రెండు ఆదివారాలు తిట్లు తిన్నవాడు మూడో ఆదివారం గ్రౌండుకు రాడు. ఈ పద్ధతి మారాలి. బంతి పోగానే జట్టంతా కలిసి ఒత్తిడి పెట్టడం పిల్లలకు మొదటి రోజు నుంచే నేర్పాలి. దీన్నే ప్రెసింగ్ అంటారు.

కబడ్డీ ఆడే మనకు ఇది కొత్త విద్య కాదు. కూతకు వచ్చినవాడి మీద ఒక్కడే దూకితే పాయింటు పోతుంది. చేతులు పట్టుకొని గొలుసుగా కదిలి, అంతా ఒకేసారి మూసేస్తే వాడు గీత దాటలేడు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. బంతికి దగ్గరున్నవాడు ఎదురుగా ఉరకాలి. రెండోవాడు పక్కన పాసు అందుకునేవాణ్ణి కాయాలి. మిగిలినవాళ్లు నాలుగడుగులు ముందుకు జరిగి ఖాళీలు మూయాలి. ఒక్కడు ఆలస్యమైతే ఆ సందులోంచే బంతి పోతుంది.

ఎప్పుడు ఉరకాలో కూడా చెప్పాలి. ఎదుటివాడికి బంతి సరిగా ఆగనప్పుడు, వాడు మన గోలుకు వీపు పెట్టినప్పుడు, బంతి సైడ్ లైను దగ్గరికి చేరినప్పుడు. అక్కడ లైను కూడా మన ఆటగాడే! మన ఎండలకు, మన మెస్సు తిండికి ఆటంతా ఉరకడం కుదరదు. అయిదారు సెకన్లు గట్టిగా ప్రయత్నించి, బంతి దొరకకపోతే అందరూ వెనక్కి రావాలి.

అంతా ముందుకు పోతే వెనక ఖాళీ కాదా అని అడుగుతారు. అవుతుంది. ఆ ఖాళీని చూసి అరవాల్సినవాడు గోల్‌కీపర్. గ్రౌండంతా కనిపించేది అతనికే. ఆరో తరగతి తమ్ముడు "వెనక్కి రండి" అంటే పదో తరగతి అన్నలు వినాలి. మాకు ఈ ఆటలో బాగా నచ్చే సంగతి ఇదే.

దీనికి డబ్బు అక్కరలేదు. నలుగురికి ఒక చాంతాడు పట్టించి, తాడు సాగకుండా, జారకుండా బంతి వెంట కదలమనండి. వారంలో దూరం తెలిసిపోతుంది. ఇటలీలో అరిగో సాకీ పెద్ద ఆటగాడేమీ కాదు, బూట్లమ్మే సేల్స్‌మన్‌గా పనిచేశాడు. జట్టంతా ఒక్కటిగా కదలడం నేర్పి మిలాన్‌ను 1989, 1990లలో యూరప్ విజేతగా నిలబెట్టాడు. మన హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. డ్రిబ్లింగ్ లేకుండా పోటీలు పెట్టి, బంతి ఒక్కడి సొత్తు కాదని నేర్పినవాడాయన.

హాస్టళ్లకు కోచ్‌లు కావాలని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. వాళ్లు వచ్చేదాకా ఊరుకోవద్దు. పూర్వ విద్యార్థులు నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. దారి చూపేవాళ్లు ఇంట్లో లేనప్పుడు హాస్టల్ అన్నలే ఫారాలు నింపారు, ఫీజులకు చందాలు వేశారు. వెనకబడినవాణ్ణి వదిలేయకపోవడం మన గదుల్లో ఎప్పటినుంచో ఉంది. అది గ్రౌండులోకీ రావాలి. తమ్ముళ్లారా, ఈసారి గోల్ పడితే కీపర్ వైపు చూడకండి. బంతి పోయినప్పుడు మనం ఎక్కడున్నామో చూసుకోండి.