విత్తనం డబ్బుకి లీన్ పెట్టి, తప్పు 1/70 మీద తోస్తారేటి?

అన్నలారా, అక్కలారా, కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి. చదవడం రాని వాళ్లకి పక్కన కూర్చుని చదివి వినిపించండి.

2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి 7,000 నా ఖాతాలో పడ్డాయని మెసేజ్ వచ్చింది. రాజ్‌మా విత్తనానికి, ఊడుపుల కూలీకి సరిపోతుందని ఇంట్లో లెక్క వేసుకున్నాం. మర్నాడు బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేస్తే డబ్బు రాలేదు. ఒక పూట పని మానుకుని, జీపెక్కి బ్యాంకుకి వెళ్లాను. ఏ బ్యాంకో పేరు రాయను, అన్నిచోట్లా ఇదే కథ. కౌంటరులో బాబు కంప్యూటర్ చూసి ఒకటే మాట అన్నాడు: "లీన్ ఉంది."

లీన్ అంటే ఏటో నాకు ఆ రోజే తెలిసింది. డబ్బు మన పేరు మీదే కనబడుతుంది, కానీ తియ్యలేం. పాత బాకీ కింద బ్యాంకు దాన్ని పట్టి ఉంచుతుంది, తర్వాత జమ చేసుకుంటుంది. ముందు కబురు లేదు, కాగితం లేదు.

నేను అబద్ధం చెప్పను. బాకీ ఉంది. 2013లో కాఫీ, మిరియాలకి 30,000 తీసుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడ పోయింది, పంట పోయింది. అదే ఏడు రుణమాఫీ అన్నారు. ఊళ్లోకి వచ్చిన ప్రతి నాయకుడూ "కట్టకండి, మాఫీ అవుతుంది" అన్నాడు. జాబితా వచ్చింది, ఆధార్‌లో పేరు తేడా అని నాది లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వదిలేశాను. ఇప్పుడు అసలు, వడ్డీ కలిపి 70 వేలు దాటిందట.

బ్యాంకు వాళ్ల మాట కూడా విందాం. "అప్పు తీసుకున్నారు, కట్టలేదు. అది జనం దాచుకున్న డబ్బు. 1872 కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ మాకు హక్కు ఇచ్చింది" అంటారు. సరే, అప్పు కట్టాలి, కాదనను. నేను అడిగేది వేరు. ఏ డబ్బు మీద చెయ్యి వేస్తున్నావు?

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. అప్పు తీర్చలేని రైతు మీద కోర్టు డిక్రీ వచ్చినా సరే, అతని బతుకుతెరువుకి కావలసిన నాగలి, ఎడ్లు, విత్తనపు గింజలు జప్తు చెయ్యకూడదు. అంటే జడ్జి గారు ముట్టుకోలేని విత్తనాన్ని, ఆ విత్తనం కొనడానికి వచ్చిన డబ్బు రూపంలో, కౌంటరు వెనక ఒక మీట నొక్కి తీసేసుకోవచ్చన్నమాట! ఇదెక్కడి న్యాయం? ఈ సంగతి సర్కారుకి తెలియనిదీ కాదు. 2019లో రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు పాత అప్పుల కింద జమ చేసుకోకూడదనే "అన్‌ఇన్‌కంబర్డ్" ఖాతాలు అన్నారు. ఆ మాట అనవలసి వచ్చిందంటేనే బ్యాంకుల అలవాటు ఏటో వాళ్లకి తెలుసు.

మరి ఆ 7,000 పోయాక నేనేం చేశాను? విత్తనం ఆగదు కదా. సంతలో షావుకారు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితాలు అడగలేదు, సిబిల్ అడగలేదు. "డిసెంబరులో కాఫీ పళ్లు నాకే వెయ్యాలి, ధర ఇప్పుడే మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ ధర పంట రోజుల్లో ఉన్న ధరలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. గిరిజన సహకార సంస్థ ఉంది, కొనే కంపెనీలు ఉన్నాయి, మన కాఫీకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఏటి? చెట్టు మీద ఉండగానే నా పళ్లు అమ్ముడైపోయాయి. బ్యాంకుకి వచ్చింది 7,000. నాకు పోయింది అంతకు రెండింతలు. ఇంకో మాట, ఆ 7,000 నా 70 వేల బాకీలో వడ్డీకే సరిపోదు.

పెద్దలు చెప్పుకునే పాత సంగతి ఒకటి గుర్తు చేస్తాను. 1879లో రంప పితూరీ కల్లు పన్ను మీద ఒక్కటే రాలేదు. మైదానం వర్తకులు మనవాళ్లకి తెలియకుండానే కోర్టుల్లో డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోవడం కూడా దానికి కారణమే. ఆ దెబ్బలన్నీ చూశాకే 1917లో తెల్లదొరల ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకి ఒక చట్టం చేసింది. కొండజాతి వాడి మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, చక్రవడ్డీ వెయ్యకూడదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. ఆ లెక్కన నా 30 వేల అప్పు ఎన్నేళ్లయినా 60 వేలు దాటదు. తెల్లవాడు పెట్టిన హద్దు ఈ రోజు బ్యాంకు కంప్యూటర్‌కి లేదు. అప్పుడు పశువుల్ని తోలుకుపోతే ఊరందరూ చూసేవారు. ఇప్పుడు తోలుకుపోతున్నా కంటికి కనబడదు, అంతే తేడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్త అప్పు అడిగితే "మీ సిబిల్ బాగోలేదు" అంటారు. బయటికొచ్చాక పెద్దమనుషులు ఇంకో మాట చెబుతారు: "మీ భూములు తాకట్టుకి పనికిరావు, 1/70 అడ్డం. అది సడలిస్తే మీకే లాభం." 2025 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని మార్చాలన్న మాట వచ్చినప్పుడు మన్యం అంతా బంద్ చేసింది, మీకు గుర్తుంది. ఆ మాట ఇంకా చావలేదు, అప్పు పేరుతో మళ్లీ వస్తోంది.

అది పచ్చి అబద్ధం. ఎందుకో వినండి. 2025 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టే అక్కర్లేదు. మనలో ఎంతమందికి 2 లక్షలు మించి కావాలి? తాకట్టే అడగనప్పుడు 1/70 అడ్డం ఎలా అవుతుంది? పోడు పట్టా అమ్మడానికి, తాకట్టుకి పనికిరాదు, నిజమే. కానీ పంట రుణానికి కావలసింది సాగు ఉందన్న కాగితం, తాకట్టు కాదు. పైగా 1971 సవరణలో బ్యాంకుకి తాకట్టు పెట్టుకునే దారి కూడా ఉంది. అప్పు తీరకపోతే ఆ భూమి మరో గిరిజనుడికో, గిరిజనుల సంఘానికో మాత్రమే అమ్మాలి, అంతే షరతు. కాబట్టి మనకి అప్పు ఆగింది భూమి చట్టం వల్ల కాదు. ఖాతా మీద లీన్ వల్ల, సిబిల్‌లో మచ్చ వల్ల. ఈ రెండూ తుడవచ్చు. పోయిన భూమి మాత్రం మళ్లీ రాదు.

మన తప్పూ ఉంది, దాచను. "మాఫీ వస్తుంది" అన్న మాట నమ్మి పదేళ్లు కూర్చున్నాం. ఆ మాట అన్న నాయకుడికి ఓటు వచ్చింది, మనకి మచ్చ వచ్చింది. మా బావ ఇంకో రకంగా మోసపోయాడు. బ్యాంకు మేళాలో కొంత కట్టి "సెటిల్మెంట్" చేసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. రిపోర్టులో "సెటిల్డ్" అని పడింది. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం, ఏళ్ల తరబడి అది వెంటాడుతుంది. పూర్తిగా కడితేనే "క్లోజ్డ్" అని పడుతుంది. ఈ తేడా మేళాలో ఎవరూ చెప్పలేదు. నోడ్యూ సర్టిఫికెట్టు కూడా ఆయన అడగలేదు.

అందుకని ఇవి చెయ్యండి.

లీన్ అని నోటిమాట చెబితే ఒప్పుకోకండి. ఏ అప్పు, ఎంత బాకీ, ఏ తేదీన లీన్ పెట్టారు అని అర్జీ రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. విత్తనానికి వచ్చిన సాయం విడిచిపెట్టమని అందులోనే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చెయ్యండి. పైసా ఖర్చు లేదు. వివరాలకి 14448కి ఫోన్ చెయ్యొచ్చు.

సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితం. చదువుకున్న పిల్లల చేత తీయించండి. తప్పు ఉంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచెయ్యకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు మనకే ఇవ్వాలి.

తుపానుకో, వానకో పంట 33 శాతం పైన పోతే అప్పు గడువు మార్చమని అడగొచ్చు. అడిగే టైము పంట పోయినప్పుడే, పదేళ్ల తర్వాత కాదు. నేను అది తెలియకే చెడ్డాను.

ఒక్కరు వెళితే కౌంటరు దగ్గర "తర్వాత రండి" అంటారు. పదిమంది ఒకే రోజు పది అర్జీలు పట్టుకుని వెళ్లండి. గ్రామసభలో తీర్మానం చేసి పాడేరు ఐటీడీఏకి, కలెక్టరు గారికి పంపండి: పెట్టుబడి సాయం మీద లీన్ పెట్టకూడదు, పాత బాకీలకి వడ్డీ అసలు దాటకుండా వాయిదాలు వెయ్యాలి. మాఫీ అడగొద్దు. వాయిదా అడుగుదాం, కడదాం, తల ఎత్తుకుని కొత్త అప్పు తెచ్చుకుందాం.

నేను నా అర్జీ ఇచ్చేశాను, రసీదు ఇంట్లో ఉంది. ఈసారి కాఫీ పళ్లు చెట్టు మీద ఉండగా అమ్మకూడదని నా పట్టుదల. మీ ఖాతా మీద లీన్ ఉందో లేదో ఈ వారం కనుక్కోండి. ఇంకెవరైనా మీ దగ్గరికొచ్చి "అప్పు కావాలంటే 1/70 మారాలి" అంటే, ముందు నా 7,000 సంగతి అడగండి.