తప్పు హిజాబ్‌ది కాదు జనాబ్!

మా భాంజీ ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో నౌకరీ చేస్తుంది. రోజంతా రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా కంప్యూటర్‌లో పేషెంట్ల పేర్లు కొట్టాలి. సాయంత్రానికి గర్దన్ తిరగదు. సొంత పైసలతో వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనుక్కెళ్తే టేబుల్ ఫోన్‌కి కలవలేదు. "నీ స్కార్ఫే అడ్డం, తీసెయ్" అన్నారట సాబ్‌లు.

వాహ్, ఏం ఇన్సాఫ్! ఆ ఫోన్‌లో బ్లూటూతే లేదు. హిజాబ్ తీస్తే మాత్రం ఎలా కలుస్తుంది? స్కార్ఫ్‌లో సెల్లు దోపుకుని వంట చేసే మన అమ్మీలను అడగండి, అడ్డమో ఆసరానో చెబుతారు.

కావాల్సింది ఒక అడాప్టర్. రిసీవర్ తీగ గుచ్చే ఆర్‌జే9 సాకెట్‌కి దాన్ని తగిలిస్తే మాట హెడ్‌సెట్‌లోకి వస్తుంది. అయినా కాల్ ఎత్తడానికి రిసీవర్ లేపాల్సిందే. ఆ బాధ తప్పాలంటే ఈహెచ్ఎస్ కేబుల్ ఉండాలి. ఫోన్‌లో ఆ సౌకర్యం లేకపోతే, రిసీవర్‌ని పైకెత్తే చిన్న లిఫ్టర్ పెట్టాలి. అప్పుడు చెవి దగ్గర బటన్ నొక్కితే చాలు. ఒక్కో కంపెనీ వైరింగ్ ఒక్కో తీరు. ఫోన్ మోడల్ చూడకుండా కొంటే మైక్ గూంగా అయిపోతుంది, మళ్లీ నింద పిల్ల మీదే.

"నౌకరీ దొరికిందే గనీమత్, సబర్ చెయ్" అంటారు మన ఇళ్లలో పెద్దలు. మాఫ్ కీజియే, సబర్ అంటే జుల్మ్‌కి మెడ వంచడం కాదు. పనిముట్టు ఇవ్వడం యజమాని జిమ్మేదారీ, అడగడం మన బేటీల హక్.

బేటీ, ఫోన్ మోడల్ రాసి, అడాప్టర్ కావాలని దర్ఖాస్తు పెట్టు. రాతలో పెట్టు. హిజాబ్ జోలికి రావద్దని కూడా అందులోనే రాయి.