ఒక్క మెతుకు చాలా?

నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు రాయడం అరవై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు అంటారు. గుడి వంటింట్లో నేను ఇంకోటి నేర్చుకున్నాను. పెద్ద గిన్నెలో పైన మెతుకు బాగానే ఉంటుంది, అడుగు మాడిపోతుంది. అడుగుదాకా గరిటె పెట్టి తీసిన మెతుకునే నమ్మాలి.

ఇక్కడ ఇంగ్లండ్‌లో మనవాళ్ల ఇళ్లల్లో బంగారం పోతోందని గుడిలో మాట వచ్చింది. ప్రసాదం వరసలో ఉన్నవాళ్లని నేను అడిగి రాసుకున్నాను. నలభై మందిలో ఇద్దరే అవునన్నారు. "పరవాలేదు" అని కమిటీకి చెప్పాను. తరవాత తెలిసింది, ఒక పెద్దావిడ మెడలో గొలుసు దారిలో లాక్కెళ్లారని. ఆవిడ పోలీసులకి చెప్పలేదు. భయంతో గుడికి రావడం కూడా మానేశారు. అలాంటివాళ్లు నా వరసలో ఎలా ఉంటారు?

ఈ దేశంలో 1982 నుంచి ఒక నేరాల సర్వే ఉంది. పోలీసులకి చెప్పని నేరాలు కూడా అందులో తెలుస్తాయి. మొదట్లో ఇళ్లని ఓటర్ల జాబితా నుంచి తీసేవారు. జాబితాలో పేరు లేనివాళ్లు తప్పిపోతారు కదా! అందుకే 1992 నుంచి పోస్టు చిరునామాల జాబితా వాడుతున్నారు. ఇంట్లో 16 ఏళ్లు నిండినవాళ్లలో ఒక్కరినే, చీటీ తీసినట్టు, ఎంచుకుంటారు. వాళ్ల బదులు ఇంకొకరు జవాబు చెప్పకూడదు. ఇది కూడా పూర్తి కాదు. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు ఇందులో రారు. అయినా నా ప్రసాదం వరస కన్నా ఎంతో నయం.

నా అభిప్రాయం ఇది. మన ఇళ్లల్లో చీటీ అమ్మ పేరున వస్తే, కొడుకు "అమ్మకి ఇంగ్లీష్ రాదు, నేను చెప్తాను" అంటాడు. లేదా "మాకు వద్దు" అని తలుపు వేస్తాడు. రెండూ తప్పే. అమ్మకి జరిగింది అమ్మకే తెలుసు. కొన్ని సంగతులు కొడుకు ముందు చెప్పలేరు కూడా.

మీరందరూ తెలుగు నేర్చుకుంటున్నారు కదా. ఆ ఉత్తరం వస్తే అమ్మకి తెలుగులో చదివి చెప్పండి. "దొంగతనం", "బెదిరింపు", "దాడి" అనే మాటలు నేర్చుకోండి. తరవాత పక్క గదిలోకి వెళ్లండి. జవాబు ఆవిడనే చెప్పనివ్వండి.