లైవ్ కట్ అయిందా?

కిందటి వారం క్లాసులో మహాభారతం చెబుతున్నాను. దుర్యోధనుడి ప్రాణం పోగానే సంజయుడి దివ్యదృష్టి కూడా పోయిందన్నాను. వెనక బెంచీ కుర్రవాడు లేచి, "లైవ్ కట్ అయిందా సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి తుర్కయంజాల్‌లో దిగేదాకా ఆ మాటే నన్ను వదలలేదు.

దివ్యదృష్టిని మనబోటివాళ్ళ చేతికిచ్చిన తొలివారిలో జస్టిన్ కాన్ అనే అమెరికా యువకుడొకడు. 2007 మార్చిలో టోపీకి కెమేరా తగిలించుకుని, రేయింబవళ్ళు తన బతుకునే ఇంటర్నెట్టులో చూపించాడు. దాని పేరు జస్టిన్.టీవీ. ఒక్కడి బతుకును ఎంతకాలమని చూస్తారు? ఆ యేడాదిలోనే తలుపులు అందరికీ తెరిచారు. ఎవరి కెమేరా వారిదే. దాంతో కొందరు హక్కులు లేకుండానే ఆటల పోటీలు ప్రసారం చేయసాగారు. 2009లో సంస్థ అధిపతి అమెరికా కాంగ్రెసు కమిటీ ముందు కూర్చోవలసి వచ్చింది. వీడియో గేములు ఆడేవారికీ, చూసేవారికీ మాత్రం అక్కడ బాగా జత కుదిరింది. 2011లో వారికోసం ట్విచ్ అనే పేరుతో వేరు కాపురం పెట్టించారు. కొడుకు పెరిగాడు, తండ్రి చిక్కిపోయాడు. 2014 ఆగస్టు 5న జస్టిన్.టీవీని మూసేశారు. ఆ నెలలోనే ట్విచ్‌ను సుమారు 97 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు అమెజాన్ ప్రకటించింది.

వేలమంది చూసినది పోయింది. పోతే పోనీ అనవచ్చు. కాని 2020లో మా నాన్నగారు పోయినప్పుడు, విమానాలు లేక అమెరికాలో చిక్కుకున్న మా అన్నయ్యకు ఫోనులోనే కడసారి చూపించాను. "తమ్మీ, ఫోను జర కిందికి వంచు, బాపు మొఖం కనబడ్తలేదు" అన్నాడు. నా చెయ్యి వణికితే బొమ్మా వణికింది. చూసినవాడు ఒక్కడే. దాన్ని మేము ఎక్కడా దాచుకోలేదు. అయినా అన్నయ్య ఈనాటికీ మరవలేదు.

ధృతరాష్ట్రుడు యుద్ధం సంగతులు విన్నది కాలక్షేపానికి కాదు. అక్కడ కూలుతున్నవాళ్ళు తన బిడ్డలు కనుక.

రేపు క్లాసులో ఆ కుర్రవాడికి జవాబు చెబుతాను. "లైవ్ కట్ అయింది నాయనా. ఆ ముసలాయన ఏడుపు మాత్రం కట్ కాలేదు."