ముందు తావు చూపండి, తరువాత తప్పు పట్టండి

విహారనౌకల మలజలాన్ని తోడించడానికి అమెరికా ప్రభుత్వం ధనసాయం చేస్తున్నదంటే మనవారిలో రెండు రకాల నవ్వులు వినిపిస్తాయి. "కలవారి మరుగుదొడ్లకు కూడా సర్కారు సొమ్మేనా?" అన్నది మొదటిది. "ఇంతోటి దానికి గ్రాంటెందుకు? జరిమానా వేస్తే సరి" అన్నది రెండవది. రెండూ విషయం విచారించని నవ్వులే. వాటిని ఖండించడానికే ఈ టపా.

ముందు వ్యవహారమేమిటో చూద్దాం. సొంత పడవలను కట్టివేసుకొనే రేవును అక్కడ మెరీనా అంటారు. కాస్త పెద్ద పడవైతే అందులో పడక, వంట ఏర్పాట్లతో పాటు మరుగుదొడ్డీ ఉంటుంది. దాని మురుగు ఒక తొట్టిలో చేరుతుంది. తొట్టి నిండినప్పుడు రేవులో గొట్టం తగిలించి, యంత్రంతో తోడి, శుద్ధి కేంద్రానికి చేర్చే వసతినే పంపౌట్ అంటారు. ఆ వసతి లేని చోట పడవవాడికి మరొక దారి ఉన్నది. చాలా పడవల్లో ‘వై’ ఆకారపు వాల్వు ఒకటి ఉంటుంది. దానిని ఒక ప్రక్కకు త్రిప్పితే అంతా నీటిపాలు. అర్ధరాత్రి వేళ త్రిప్పితే చూసేవాడెవడు?

పడవ ఒక్కటే గదా అనరాదు. నీరు పొదుపుగా వాడే పడవ మురుగు మన ఇళ్ల మురుగు కంటె చిక్కనిది. పడవలు లంగరు వేసేది కూడా ఎక్కువగా గాలి తగలని, ఆటుపోట్ల కదలిక తక్కువైన చిన్న చిన్న కయ్యల్లో. అక్కడే ఆల్చిప్పలు పెరుగుతాయి. అవి నీటిని వడగట్టి బ్రతికే జీవులు కనుక, నీటిలోని రోగక్రిములు వాటి మాంసంలో పోగుపడి, తిన్నవారి కడుపుకు చేరతాయి.

తీరానికి మూడు నాటికల్ మైళ్ల లోపల శుద్ధి చేయని మలజలాన్ని వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. నిషేధం ఒక్కటే చాలునన్నవారి మాట నిజమైతే కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. అందుకే 1992లో అక్కడి కాంగ్రెసు ‘క్లీన్ వెసెల్ యాక్ట్’ అనే చట్టం చేసింది. పంపౌట్ కేంద్రాల నిర్మాణానికీ, నిర్వహణకూ, పడవవారికి నచ్చజెప్పే ప్రచారానికీ ఖర్చులో నూటికి 75 వంతుల వరకు సమాఖ్య ప్రభుత్వం ఇస్తుంది. మిగిలిన పాతిక వంతు రాష్ట్రమో, స్థానిక సంస్థో, మెరీనా యజమానియో భరించాలి. సాయం పొందిన కేంద్రం పడవవారందరికీ తెరచి ఉండాలి. కారణం చూపకుండా ఐదు డాలర్లకు మించి రుసుము తీసుకోరాదని తొలినాళ్లలోనే నియమం పెట్టారు.

ఇక మొదటి నవ్వుకు సమాధానం. ఈ సొమ్ము ఏ కూలివాడి జేబులోనుండి వచ్చినది కాదు. చేపల వేట సామగ్రిపై ఎక్సైజు పన్ను, మోటారు పడవల ఇంధనంపై పన్ను, దిగుమతి అయ్యే విహారనౌకలపై సుంకం, ఇవన్నీ చేరే ప్రత్యేక నిధి నుండి వచ్చినది. నీటిని వాడుకొనేవారే నీటిని కాపాడడానికి చెల్లిస్తున్నారు. దీనిని దానమనడం తగదు.

రెండవ నవ్వుకు సమాధానం ఆ దేశపు చట్టంలోనే ఉన్నది. ఒక రాష్ట్రం తన జలాలలో శుద్ధి చేసిన పడవ మురుగును కూడా వదలరాదని పూర్తి నిషేధం కోరితే, తగినన్ని పంపౌట్ కేంద్రాలు అందుబాటులో ఉన్నాయని సమాఖ్య పర్యావరణ సంస్థ సాధారణంగా ముందు నిర్ధారించాలి. 1998లో రోడ్ ఐలండ్ సముద్రజలాలన్నిటికీ, 2018లో వాషింగ్టన్ రాష్ట్రపు ప్యూజెట్ సౌండుకూ అటువంటి నిషేధం వచ్చింది. అంటే, వసతి ముందు, నిషేధం తరువాత. ఈ వరుసక్రమమే నా వాదానికి ప్రాణం.

మన వరుస దీనికి తలక్రిందులు. నీటిలో మలమూత్రాలు విడువరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయంలోనే ఉన్నది. అన్ని శతాబ్దాల నిషేధం మన నదులను కాపాడినదా? "ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు" అని వ్రాసిన గోడ దగ్గర నిలబడి చూడండి, సమాధానం ముక్కుకే తెలుస్తుంది. మరుగుదొడ్డి కట్టించకుండా, గోడ చాటుకు వెళ్లిన పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టిన బడులను నేనెరుగుదును. తావు చూపనివాడికి తప్పు పట్టే అర్హత లేదు.

మనకూ చట్టం లేకపోలేదు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం యంత్రపు పడవలు మురుగును, చెత్తను నీటిలో వదలరాదన్నది. ప్రయాణికుల రేవులను నడిపేవారు ఆ వ్యర్థాలను స్వీకరించే వసతి కల్పించాలనీ అన్నది. బాగానే ఉన్నది. అయితే పెట్టుబడి ఎవరిది? గండిపోచమ్మ దగ్గరా, పోచవరం దగ్గరా పాపికొండల యాత్రకు పడవ ఎక్కేవారు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పడవలో మరుగుదొడ్డి తొట్టి ఉన్నదా? ఉంటే ఎక్కడ ఖాళీ చేస్తారు?" 2019లో కచ్చులూరు ఘోరం తరువాత లైఫ్ జాకెట్ల గురించి అడగడం నేర్చుకున్నాం. ఇదీ నేర్చుకోవాలి. ఆ నీరే దిగువకు పోయి, ధవళేశ్వరం దగ్గర కాలువలెక్కి, డెల్టా ఊళ్ల మంచినీటి చెరువులు నింపుతుంది.

పట్టణాల మురుగు ముందు పడవల మురుగు ఏపాటిదని కొందరంటారు. నిజమే, చిన్నదే. చిన్నది కనుకనే తక్కువ ఖర్చుతో తీరుతుంది. పెద్ద రోగం కుదిరేదాకా చిన్న పుండుకు మందు వేయవద్దనే వైద్యుడు ఉన్నాడా? "పారే నీరు తనను తాను కడుక్కుంటుంది" అనేవారు వేసవిలో గోదావరి ఎంత పారుతున్నదో వెళ్లి చూడవలె.

నేను కోరేది పెద్దదేమీ కాదు. యాత్ర టిక్కెట్టు నుండి ఒకటి రెండు రూపాయలు ప్రత్యేక నిధికి మళ్లించండి. దాని నుండి రేవులకు ముప్పాతిక ఖర్చు ఇవ్వండి, పాతిక యజమానులు పెట్టుకొంటారు. యంత్రం బిగించి ఫొటో దిగి వెళ్లిపోక, దానిని నడిపే మనిషికి జీతమూ అందులోనే చూపండి. ఆ తరువాత కూడా నదిలో మురుగు వదిలినవాణ్ణి నిర్దాక్షిణ్యంగా శిక్షించండి. అప్పుడు మీ జరిమానాకు న్యాయబలం ఉంటుంది. అంతవరకు అది పేదపడవపై వేసిన మరొక కప్పం మాత్రమే. గోదారి నీటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.