మ్యాప్ మూడున్నర గంటలంది

ఈ వారం మనం టూరిస్ట్ ప్లేస్‌కి వెళ్ళడం లేదు. లంబసింగి మంచు, మారేడుమిల్లి బొంగు చికెన్ మీ రీల్స్‌లో ఎలాగూ బోలెడు. ఆ రెండింటికీ నడుమ రాజవొమ్మంగి అని ఒక మండల కేంద్రం ఉంది. అక్కడ మా పెద్దమ్మ ఉంది. అంతే, వెళ్ళడానికి మాకున్న కారణం అదొక్కటే.

పెదనాన్న ఆ చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో మాస్టారుగా చేశారు. రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. విశాఖ రావడం మానేసి రెండేళ్ళు దాటింది. మా అక్క పిల్లల్లో పెద్దోడికి ఐదేళ్ళు, చిన్నదానికి రెండు. పెద్దోడి దృష్టిలో ఆవిడంటే వీడియో కాల్‌లో మాట మధ్యలో ఫ్రీజ్ అయిపోయే మొహం. చిన్నదాన్నయితే ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "నేను ఎత్తుకోలేని ఈడొచ్చేలోపు దాన్ని తీసుకురండర్రా."

బావకి సెలవు దొరకలేదు. అమ్మ, అక్క, ఇద్దరు పిల్లలు, స్టీరింగ్ దగ్గర నేను. చిన్నపిల్లలతో కారులో చుట్టాలింటికి వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తాయని మా లెక్కలు ఇక్కడ పెడుతున్నా.

ఏడు బియ్యం బస్తాలు

మొదటి గొడవ కారు కదలకముందే వచ్చింది. చిన్నదాని కోసం వెనక సీట్లో చైల్డ్ సీటు బిగించాం. అమ్మకి నచ్చలేదు. "మిమ్మల్నిద్దర్నీ బస్సుల్లో ఒళ్ళో పెట్టుకునే తిప్పాను. ఏమైపోయారు? పసిదాన్ని ఆ కుర్చీకి కట్టేయడమేంట్రా?"

చట్టం గురించి చెప్పాను. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 194బి సెక్షన్ తెచ్చారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని సీట్ బెల్టో, చైల్డ్ సీటో లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా. అమ్మ వెయ్యికి భయపడే మనిషి కాదు. "కడదాంలే" అంది.

అప్పుడు ఫోన్‌లో కాల్క్యులేటర్ తీశాను. చిన్నది పన్నెండు కిలోలు. కారు గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో వెళుతూ దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో ఒళ్ళో ఉన్న పిల్లని ఆపడానికి కావలసిన బలం దాదాపు 170 కిలోల బరువుతో సమానం. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఏడు. "ముందుకి దూసుకొచ్చే ఏడు బస్తాలని నీ చేతులతో ఆపగలవా అమ్మా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక షరతు పెట్టింది: "సరే. కానీ అది ఏడిస్తే కారు ఆపాలి. ఆపాకే దాన్ని తియ్యాలి." ఇంతకన్నా మంచి రూలు నేనూ రాయలేను. మ్యాప్ మూడున్నర గంటలు చూపించిన దారి మాకు ఆరు గంటలు పట్టడానికి కారణం ఈ రూలే. పిల్లలతో వెళ్ళేటప్పుడు మ్యాప్ చెప్పిన టైమ్‌కి ఇంకో సగం ముందే కలుపుకోండి. అప్పుడు ఆగిన ప్రతిసారీ గడియారం చూసుకుని చిరాకుపడే అవసరం ఉండదు.

ఇంకో మాట. వెనక్కి తిప్పి పెట్టే చైల్డ్ సీటుని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టొద్దు. బ్యాగ్ తెరుచుకుంటే పిల్లకే దెబ్బ.

మలుపుల్లో ఫోన్ బంద్

తాళ్లపాలెం దగ్గర హైవే దిగి నర్సీపట్నం వైపు తిరిగాం. నర్సీపట్నంలో ఇడ్లీలు. పూరీ కావాలని పెద్దోడు గోల పెట్టినా అక్క ఒప్పుకోలేదు, ముందున్నవి మలుపులు మరి. అక్కడి నుంచి ఫోన్ కూడా లోపల పెట్టేసింది.

దీనికో కారణం ఉంది. చెవి లోపల మన కదలికని పసిగట్టే భాగం ఉంటుంది. కారు వంపు తిరిగితే అది "కదులుతున్నాం" అంటుంది. ఫోన్‌కి అతుక్కుపోయిన కళ్ళు "లేదు, కదలడం లేదు" అంటాయి. ఈ రెండు కబుర్లూ కలవక మెదడు తికమకపడుతుంది, కడుపులో తిప్పుతుంది. రెండేళ్ళు దాటాక పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. చూపు కిటికీలోంచి దూరంగా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. అందుకే మేం ఆవుల లెక్క ఆట పెట్టుకున్నాం. ఎడమ వైపు ఆవులన్నీ వాడివి, కుడి వైపువన్నీ అమ్మమ్మవి. అమ్మమ్మ ఘోరంగా ఓడిపోయింది. వాంతుల మందు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర ఆగాం. పెద్దోడి మొదటి ప్రశ్న: "మావయ్యా, రామ్‌చరణ్ ఇక్కడుంటాడా?" "రామ్‌చరణ్ కాదురా, కృష్ణ" అంది అమ్మ. ఆవిడది 1974 సినిమా, వాడిది 2022 సినిమా.

సినిమా పక్కన పెట్టి అసలు కథ చెప్పాను. మనం ఇప్పుడు మన్యంలో రోడ్డు బాగోలేదని తిట్టుకుంటాం. వందేళ్ళ కిందట ఇక్కడి జనం తిరగబడడానికి ఒక కారణం రోడ్డు పనే. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో బలవంతంగా పని చేయించి, కూలి ఎగ్గొట్టేవాడు. పోడు చేసుకుందామంటే అడవి చట్టాలు అడ్డం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద రామరాజు దళం దాడి చేసి తుపాకులు తీసుకుపోయింది. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించింది. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్ రికార్డులోనే రాసి రామరాజు సంతకం పెట్టాడని చెబుతారు.

"రాసిస్తే దొంగతనం కాదుగా?" అన్నాడు పెద్దోడు. బ్రిటిష్ వాళ్ళు అలా అనుకోలేదురా అన్నాను.

ఆ పోరాటంలో ఉన్న గాం మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో ఉండి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఇది మాత్రం పెద్దోడి కన్నా అమ్మ ఎక్కువ శ్రద్ధగా విన్నది. ఒకప్పుడు తూర్పు గోదావరిలో ఉన్న రాజవొమ్మంగి 2022 ఏప్రిల్ 4న అల్లూరి పేరు పెట్టిన కొత్త జిల్లాలో చేరింది. కొయ్యూరు దాటాక ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మ్యాప్‌ని ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోవడం ఇక్కడ కలిసొచ్చింది.

కారు చేరింది, పిల్ల చేరలేదు

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతులు చాచింది. చిన్నది ఒక్క చూపు చూసి అక్క మెడ కరుచుకుని ఏడుపు లంకించుకుంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ముందు అందరికీ ఇబ్బందే. "వెళ్ళమ్మా, పెద్దమ్మమ్మ! ముద్దు పెట్టు, చాక్లెట్ ఇస్తా" అని అమ్మ బతిమాలడం మొదలుపెట్టింది.

ఆపమంది పెద్దమ్మే. "దానికి నేనెవరో తెలీదు కదే. తెలిశాక అదే వస్తుంది." చేతులు దించుకుని లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. ఆ మొహం చూడడం మాత్రం కష్టమైంది.

రాత్రంతా పిల్ల ఆవిడ దగ్గరికి పోలేదు. మర్నాడు పొద్దున పెద్దమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. పిల్లని పిలవలేదు, దాని వైపు చూడను కూడా చూడలేదు. ఒక పుల్ల మాత్రం కావాలనే కింద పడేసింది. పిల్ల దూరం నుంచి చూసింది. కాసేపటికి వచ్చి, పుల్ల తీసి, ఆవిడ మోకాలి మీద పెట్టి పారిపోయింది. ఇంకోటి పడింది. ఇంకోసారి వచ్చింది. మధ్యాహ్నానికి పుల్లలన్నీ దీని పెత్తనంలోకి వచ్చేశాయి. సాయంత్రం ఆవిడ ఒళ్ళో కూర్చుని చోడి అంబలి తాగింది, ఇంట్లో గిన్నె చూస్తేనే మూతి తిప్పే పిల్ల. నొప్పి కాళ్ళు చాపి పెద్దమ్మ గంటసేపు కదల్లేదు. అక్క దిండు తేబోతే "ఉండవే, లేస్తుంది" అంది.

మేం ఒక్క రాత్రే ఉండి, "ఆదివారం పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు" అనుకుని ఉంటే ఇది జరిగేది కాదు. పెద్దమ్మకి మిగిలేది గుమ్మంలో విన్న ఏడుపే.

అందుకే నా లెక్క ఇది. కారులో ఉన్నంతసేపూ రూల్స్ మనవి. సీటు, బెల్టు, ఆగే చోట్లు, వీటిల్లో ఎవరు అలిగినా తగ్గొద్దు. ఇంట్లోకి అడుగు పెట్టాక రూల్స్ వాళ్ళవి. ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎవరు స్నానం చేయించాలి అన్నది వాళ్ళకే వదిలేయండి. మేం వదలనివి రెండే: కాచి చల్లార్చిన నీళ్ళు, చీకటి పడగానే దోమతెర. ఏజెన్సీలో మలేరియాని తేలిగ్గా తీసుకోకూడదు. బయల్దేరే ముందే పిల్లల డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉంచుకోండి.

కనీసం రెండు రాత్రులు ఉండేలా వెళ్ళండి. సోమవారం పొద్దున మీటింగ్ మనం లేకపోయినా జరుగుతుంది, నాది జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు డిక్కీలో పసుపు, ఒక తేనె సీసా, విస్తరాకుల కట్ట చేరాయి. ఏడాది నిండని పసిపిల్లలకి తేనె నాకించకూడదు, అది గుర్తుంచుకోండి. మాదానికి ఆ ఈడు దాటింది.

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. మీ పిల్లలకో, అక్కాచెల్లెళ్ళ పిల్లలకో స్క్రీన్ మీద మాత్రమే తెలిసిన పెద్దవాళ్ళు ఎవరున్నారో చూసుకోండి. వాళ్ళ మోకాళ్ళు మన లీవ్ అప్రూవల్ కోసం ఆగవు.