పడవ ఎక్కక ముందు



సాగరు జలాశయము నిండిందన్న వార్త వస్తే చాలు, మన ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డుకు తీరిక ఉండదు. యాచారం, మాల్, మల్లేపల్లి దాటి బస్సులు, వ్యానులు, కార్లు బారులు తీరుతాయి. ఒకప్పుడు మనవాళ్లు డ్యామును చూచి, గేట్లనుండి దూకే నీటిని చూచి, చెట్టు క్రింద సద్ది విప్పుకొని తిని తిరిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ ముచ్చట చాలడం లేదు. "లాంచీ నడుస్తున్నదా?" అన్నదే మొదటి ప్రశ్న. దసరా సెలవులు దగ్గరపడే కొద్దీ సంఘములోని యౌవనస్థులు, కుటుంబ పెద్దలు మమ్మును కూడా ఈ సంగతే అడుగుతుంటారు. కనుక ఈ నెల నీటి ప్రయాణముల గురించి కొంత మాట్లాడుకుందాము.

విహార నౌక అనగానే వేలమందిని మోసే మేడవంటి ఓడ మన కంటి ముందు నిలుస్తుంది. అటువంటివి మన తెలుగు తీరానికీ వచ్చాయి. 2022 జూన్‌లో కార్డీలియా నౌక విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు యాత్రికులను తీసుకొనిపోయింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకల కోసమే కట్టిన టెర్మినల్ ప్రారంభమయింది. అయితే లోకములో ఇంకొక ధోరణి కూడా బలపడుతున్నది. చాలామంది యాత్రికులు చిన్న ఓడలను కోరుకుంటున్నారు. చిన్న ఓడ నదిలోపలికి పోగలదు, దీవుల సందుల్లో తిరగగలదు, ఒక ఊరిమీద ఒక్కసారిగా వేలమందిని దింపదు. ఇటలీలోని వెనిస్ నగరము 2021 ఆగస్టు 1 నుండి తన నడిబొడ్డు కాలువలోనికి పెద్ద ఓడలను రానివ్వడం మానివేసింది. గాలాపగోస్ దీవులలో విహార నౌకకు నూరుమందే పరిమితి. అంటార్కిటికాలో ఒకచోట ఒకేసారి నూరుమందికి మించి ఒడ్డున దిగరాదు. మన దేశములో 2023 జనవరి 13న వారణాసి నుండి దిబ్రూగఢ్‌కు బయలుదేరిన గంగా విలాస్ నౌక 51 రోజులలో సుమారు 3,200 కిలోమీటర్లు తిరిగేలా ఏర్పాటయింది. దానిలో 36 మంది యాత్రికులకు మాత్రమే చోటు.

అంత ఖరీదు మనవంటి కుటుంబాలకు అందేది కాదు. కాని మనకు అందుబాటులో ఉన్న లాంచీలు కూడా చిన్న ఓడలే గదా! సాగరు నుండి నాగార్జునకొండకు లాంచీ పోతుంది. జలాశయములో మునిగిపోనున్న ఆ లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, దొరికిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను కొండమీదికి చేర్చారు. నేడు ఆ కొండ నీటి మధ్య ద్వీపము. బడిపిల్లలు పుస్తకములో చదివిన చరిత్రను అక్కడ కండ్లారా చూడవచ్చును. సాగరు నుండి శ్రీశైలము దగ్గరి లింగాలగట్టు వరకు సుమారు 110 కిలోమీటర్లు నల్లమల కొండల నడుమ సాగే ప్రయాణము మరొకటి. కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుండి కూడా శ్రీశైలానికి లాంచీ ఉన్నది. ఇవన్నీ జలాశయములో చాలినంత నీరు ఉన్నప్పుడే నడుస్తాయి. ఇక గోదావరిమీద పాపికొండల యాత్ర సంగతి చెప్పనక్కరలేదు.

ఇంత మంచి యాత్రల గురించి వ్రాస్తూ దుఃఖకరమైన సంగతులను జ్ఞాపకము చేయక తప్పదు. 2017 నవంబరు 12న, మన ఊరి పేరే గల కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గర (నేడది ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది) పవిత్ర సంగమము వద్ద పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు, గోదావరి వరదమీద ఉండగా కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 26 మంది మాత్రమే బ్రతికారు. పోయినవారు దాదాపు యాభైమంది. వారిలో మన తెలంగాణ కుటుంబాలవారు అనేకులు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుండి కలిసి వెళ్లిన స్నేహబృందములో చాలామంది తిరిగి రాలేదు. బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది. ఆ దినమున నీళ్లలో కొట్టుకుపోతున్నవారిని మొదట అందుకొన్నది ఒడ్డున ఉన్న గ్రామస్థులే. తమ చిన్న పడవలు వేసుకొని వెళ్లి ఒడ్డుకు చేర్చారు.

ఈ రెండు ప్రమాదాలూ ఆదివారమునే జరిగాయి. సెలవు దినమున జనము ఎక్కువ, తొందర ఎక్కువ. పెద్ద ఓడలో ఇటునుండి అటు వందమంది నడిచినా తెలియదు. చిన్న లాంచీలో ఇరవైమంది ఫోటోకోసం ఒకే ప్రక్కకు చేరితే అది ఒరుగుతుంది. పై అంతస్తులో ఎంత ఎక్కువమంది నిలబడితే పడవ అంత సులభముగా తిరగబడుతుంది. అంటే ఓడ చిన్నదైన కొద్దీ అందులో కూర్చున్న ప్రతివాని ప్రవర్తనకు బరువు పెరుగుతుంది.

కచ్చులూరు తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగరు, శ్రీశైలము మొదలైన తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు తలపెట్టింది. 1917 నాటి పాత చట్టము స్థానములో పార్లమెంటు 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టము చేసింది. దాని ప్రకారము పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ సర్టిఫికెట్టు, నడిపేవానికి యోగ్యతా పత్రము ఉండాలి. చట్టము మంచిదే. కాని రేవులో మన పిల్లల చేయి పట్టుకొని నిలబడేది చట్టము కాదు, మనమే. కాబట్టి ఎక్కక ముందు ఈ కొద్ది సంగతులు చూచుకొనండి.

మొదటిది, టిక్కెట్టు పర్యాటక శాఖవారి దగ్గర గాని, అనుమతి ఉన్నవారి దగ్గర గాని మాత్రమే కొనండి. అనుమతి పత్రము చూపమని అడగడం అమర్యాద కాదు. రెండవది, ఎంతమందికి అనుమతి ఉన్నదో, ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టండి. మూడవది, లైఫ్ జాకెట్ పిల్లల కొలతకు సరిపోయేది ఉన్నదా అని చూచి, పట్టీలు బిగించి, దిగేవరకు విప్పకండి. ఉక్కగా ఉన్నదని, భోజనము వేళ అయినదని విప్పి సీటు క్రింద పెడితే అది ఉన్నా లేనట్టే. మన పల్లెల్లో బావిలో ఈత నేర్పేటప్పుడు పెద్దలు నడుముకు బెండ్లు కట్టకుండా పిల్లవానిని నీళ్లలోనికి దింపేవారు కారు. లోతు కొలవలేని నదిమీద మనకు అంత జాగ్రత్తయినా వద్దా? నాలుగవది, సరంగు కూర్చోమంటే కూర్చోండి. పాటలు, ఆటలు ఒడ్డున చేసుకొనవచ్చును. అయిదవది, నదికి వరద ఉన్నదంటే ఆ దినము పడవ ఎక్కనే వద్దు.

ఈ అయిదవదే అన్నిటికంటె కష్టము. బస్సు కిరాయి కట్టాము, తెల్లవారుజామున పిల్లలను లేపి తీసుకొచ్చాము, ఇంతదూరము వచ్చి ఊరికే తిరిగిపోతామా అని మనసు పీకుతుంది. పదిమంది ముందు "వద్దు" అన్నవాడు పిరికివాడవుతాడు. అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో జరిగినది కూడా ఇదే గదా! కాలము మించిపోయింది, ప్రయాణము క్షేమము కాదని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి అతని మాట విడిచి నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. ఎక్కువమంది పోదామనే అన్నారు. ఆ ఓడలో 276 మంది ఉన్నారు. వారందరూ ప్రాణాలతో గట్టెక్కిన సంగతిని మనము ఎంతో సంతోషముగా బోధిస్తాము. బయలుదేరక ముందు వచ్చిన హెచ్చరికను మాత్రము త్వరగా దాటిపోతాము. ప్రార్థన చేసుకొని ఎక్కితే ఏమీ కాదని కొందరు అంటుంటారు. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. లైఫ్ జాకెట్ కట్టుకొని చేయండి.

కాబట్టి యాత్రకు పేర్లు వ్రాసుకొనే రోజుననే ఒక పని చేయండి. మీలో నిదానస్థుడైన ఒకరికి, అన్న అయినా అక్క అయినా సరే, "రేవులో మీకు అనుమానము తోస్తే ఎక్కవద్దని చెప్పండి, మేమెవ్వరము ఎదురు చెప్పము" అని అందరి ముందు మాట ఇవ్వండి. ఆ మాట ముందుగా ఉంటే ఆ దినమున వాదన ఉండదు, ఎవరి ముఖమూ చిన్నబోదు. లాంచీ లేని దినమున డ్యామును చూడండి, ఎత్తిపోతల జలపాతము చూడండి, చెట్టు క్రింద కలిసి భోజనము చేయండి. పిల్లలకు ఆ దినము ఏమాత్రమూ వెలితిగా ఉండదు. సాయంకాలము మల్లేపల్లి మీదుగా, మాల్ మీదుగా పొద్దున లెక్కపెట్టినంత మందే ఇల్లు చేరితే ఆ యాత్ర సఫలమైనట్లే. లాంచీ వచ్చే ఏడు కూడా ఉంటుంది.